డు, ము, వు, లు మార్చితే చాలునా?



శీర్షిక చూచి ఈసారి శ్రీనాథుని నైషధం మీద వ్యాసమని కొందరు అనుకొని ఉంటారు. ఆయన ప్రసక్తి కొంత ఉన్నది గాని, అసలు విషయం వేరు. ఓకామెల్ అనే కంప్యూటరు భాషలో ఉన్న ఒక ఛందఃపరిశీలన ప్రోగ్రామును హాస్కెల్ అనే మరొక భాషలోనికి మార్చిన వృత్తాంతమిది. మార్చినది మా చిన్నమ్మాయి. ప్రక్కన కూర్చుండి ప్రతి పంక్తికీ అర్థమడిగి తగవు పెట్టుకొన్నది నేను. రెండు నెలల ఆదివారాలు ఇందులోనే గడిచినవి. తెలుగు పండితునికి ఈ పెత్తనమెందుకని అడిగేవారు కొంచెం ఓపిక పట్టవలెను.

ఆ ప్రోగ్రాము వ్రాసినవాడు నా శిష్యుడు. డిండి వాగుకు అవతలి గట్టున, పాలమూరు వైపు ఊరివాడు. నేను దేవరకొండ ప్రాంతంలో పని చేసే కాలంలో పదవ తరగతి దాకా నా దగ్గర చదివినాడు. తరువాత ఇంజనీరింగు, హైదరాబాదులో ఉద్యోగం. ఊరికి వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చేవాడు. 2008 దసరాకు వచ్చినప్పుడు, "సార్, గణవిభజన నియమాలన్నీ వరుసగ చెప్పుండ్రి, నేను మిషన్‌కు చెప్త" అన్నాడు. పరిహాసమనుకొన్నాను. మరుసటి సంక్రాంతికి వచ్చేసరికి ద్విపదను తూచగలిగే ప్రోగ్రాము చేతిలో ఉన్నది. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. అంతకంటె సులభమైన ఛందస్సు లేదు గనుక అక్కడినుండి మొదలుపెట్టినానన్నాడు. గోన బుద్ధారెడ్డి పేర వెలసిన రంగనాథ రామాయణం మన పాలమూరు సొత్తే గనుక, పరీక్షకు దానినే తీసుకొన్నాడు. గోనవారి వర్ధమానపురం నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నంది వడ్డెమానే గదా.

తరువాత రెండు మూడేండ్లలో తేటగీతి, ఆటవెలది, సీసం, కందం, వృత్తాలు చేరినవి. యతి వచ్చినది, ప్రాస వచ్చినది. నేను చెప్పేవాణ్ణి, అతడు వ్రాసేవాడు. పాఠం చెప్పి చెప్పి అలవాటైన నోరు, పాఠం మానిన తరువాత కూడ అతని పుణ్యాన ఊరకుండలేదు.

2021 మే నెలలో, కరోనా రెండవ దఫాలో, అతడు పోయినాడు. నలుబదేండ్లు నిండలేదు.

ప్రోగ్రాము మాత్రం మా ఇంటి పాత కంప్యూటరులో నడుస్తూ ఉన్నది. మా ప్రాంతపు అముద్రిత కవుల పద్యాలను నోటుపుస్తకాల నుండి ఎక్కించుకొనేటప్పుడు దానిని వాడుకొనేవాణ్ణి. లేఖకుడు ఎక్కడ ఒక అక్షరం జారవిడిచినాడో అది చూపేది. నిరుడు ఆ కంప్యూటరు మూలబడ్డది. మూలపాఠం పెన్‌డ్రైవులో భద్రంగా ఉన్నది గాని, కొత్త ల్యాప్‌టాపులో కొత్త ఓకామెల్ దానిని అంగీకరించలేదు. భాషలు మారుతవి గదా. 2017లో వచ్చిన సంచిక నుండి ఆ భాషలో అక్షరమాలికలను వ్రాసిన తరువాత అక్కడికక్కడే దిద్దుట నిషిద్ధమైనది. 2022లో వచ్చిన 5.0లో, మావాడు నమ్ముకొన్న ప్రవాహాల పరికరం మూలభాష నుండే తొలగిపోయినది. దిద్దితే పాత భాషలోనే నిలబెట్టవచ్చును. కాని దిద్దేవారెవరు? మా అమ్మాయికి వచ్చినది హాస్కెల్. "నాయినా, నీ తరువాత దీన్ని చూసుకునేది నేనే. నాకు వచ్చిన భాషల ఉంటెనే నేను చూసుకోగలుగుత" అన్నది. ఆ మాటకు ఎదురు చెప్పుటకేమున్నది?

ఈ రెండు భాషలూ దాయాదులు. రెండింటినీ ఫంక్షనల్ భాషలంటారు. మన తెలుగు మాధ్యమపు లెక్కల పుస్తకాలలో ఫంక్షనును ప్రమేయమంటాము గనుక ప్రమేయ భాషలనవచ్చును. మామూలు భాషలలో ప్రోగ్రామంటే ఆజ్ఞల వరుస: ఇది తీసి అక్కడ పెట్టు, దానికి ఒకటి కలుపు, మరల మొదటికి పో. వీటిలో అట్లా కాదు. ఏది దేనికి సమానమో నిర్వచించుకొంటూ పోవడమే ప్రోగ్రాము. పండితశిక్షణలో బాలవ్యాకరణ సూత్రాలు వల్లించినవారికి ఇది కొత్తగా తోచదు. ఎడిన్‌బరోలో రాబిన్ మిల్నర్ బృందం 1970లలో చేసిన ఎం.ఎల్. అనే భాష నుండి ఫ్రాన్సులో కామెల్ పుట్టి, 1996లో ఆబ్జెక్టివ్ కామెల్ అయినది. దానినే పొట్టిగా ఓకామెల్ అంటున్నారు. హాస్కెల్ మొదటి నివేదిక 1990లో వచ్చినది. ఆ పేరు హాస్కెల్ కరీ అనే అమెరికా తర్కశాస్త్రజ్ఞునిది. ప్రమేయానికి కావలసిన వస్తువులను ఒకటొకటిగా అందించే పద్ధతికి కూడ ఆయన ఇంటిపేరే పెట్టి కరీయింగ్ అంటారు. మా అమ్మాయి ఫోనులో ఎవరితోనో ఈ మాట పదేపదే అంటూ ఉంటే, వంటింట్లోనుండి మా ఇంటావిడ "ఏం కూరనే?" అని అడిగినది.

ఇక శ్రీనాథుడు. ఆయన నైషధాన్ని తెనిగించి పండితులకు వినిపిస్తే, వారు "నీ డుమువులు నీవు తీసుకొని మా నైషధం మాకిచ్చివేయవయ్యా" అన్నారని ఒక కథ చెప్పుకొంటారు. సంస్కృత సమాసాలను అట్లే ఉంచి చివర తెలుగు ప్రథమావిభక్తి ప్రత్యయాలు తగిలించినాడని వారి ఎత్తిపొడుపు. కథ నిజమో కాదో గాని, మా అమ్మాయి మొదటి ఆదివారం చేసిన పని చూస్తే నాకదే గుర్తుకు వచ్చినది. ఓకామెల్ పంక్తి తీసుకొనుట, "లెట్ రెక్" అన్న మాట కొట్టివేయుట, "మ్యాచ్" బదులు "కేస్" పెట్టుట, చుక్కలూ గీతలూ మార్చుట. సాయంత్రానికి సగం పని అయిపోయినదన్నది. నిజంగానే చాలాభాగం అట్లా వచ్చినది. యతిమైత్రి వర్గాల పట్టికలు పట్టికలుగానే వచ్చినవి. గణాల నిర్వచనాలు ఒక్క అక్షరం తేడా లేకుండ వచ్చినవి.

నడిపితే నడవలేదు. నడవకపోవుట కూడ కాదు, కదలకుండ కూర్చున్నది. కొంతసేపటికి "లూప్" అని ఒక మాట చెప్పి చాలించుకొన్నది.

కారణం చూస్తే ముచ్చట వేసినది. మావాడు ఒకచోట, పాదం అంటే ఖాళీలు తీసివేసిన పాదం అని వ్రాసుకొన్నాడు. ఓకామెల్‌లో దాని అర్థం ఇది: ఇంతకు ముందున్న పాదంలో ఖాళీలు తీసివేసి, ఇకమీదట దానినే పాదమని పిలువు. కుడివైపు పాదం పాతది, ఎడమవైపుది కొత్తది. తనను తానే పిలుచుకొనే నిర్వచనం కావలెనంటే ఆ భాషలో "రెక్" అని ప్రత్యేకంగా చెప్పవలెను. హాస్కెల్‌లో ఆ మాటే లేదు, ఎందుకంటే అక్కడ ప్రతి నిర్వచనమూ తనను తాను పిలుచుకొనగలదు. అందుచేత అదే పంక్తిని హాస్కెల్ చదువుకొంటే, కుడివైపు పాదం కూడ ఎడమవైపు పాదమే. పాదమంటే ఏమిటి? ఖాళీలు తీసిన పాదం. ఆ పాదమంటే ఏమిటి? ఖాళీలు తీసిన పాదం. ఇట్లా అంతులేకుండ పోతుంది. అక్షరాలన్నీ అవే, అర్థం మాత్రం వేరు. మన తరగతులలో హిందీ ఉపన్యాసానికీ తెలుగు ఉపన్యాసానికీ భేదం చెప్పేవాళ్ళము గదా, అక్కడ అది నవల, ఇక్కడ ప్రసంగం. పరిచితమైన మాటే అనువాదకుని ఎక్కువగా ముంచుతుంది. తెలియని మాటకైతే నిఘంటువు చూచుకొంటాడు.

ఆ రోజు నుండి మా అమ్మాయి పంక్తులు మార్చుట మాని, ముందు ప్రతి ప్రమేయం ఏమి చేస్తున్నదో నన్నడిగి, కాగితం మీద తెలుగులో వ్రాసుకొని, తరువాత హాస్కెల్‌లో చెప్పుట మొదలుపెట్టినది. నా పెత్తనం అట్లా వచ్చినది.

గురులఘు నిర్ణయం దగ్గర చాలాసేపు ఆగినాము. నియమాలు మీకు తెలిసినవే. దీర్ఘాక్షరం గురువు, ఐత్వ ఔత్వాలున్నవి గురువులు, నిండుసున్నా విసర్గా ఉన్నవి గురువులు, సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు, పొల్లుకు ముందున్నది గురువు. వట్రుసుడి మాత్రం సంయుక్తం కాదు గనుక "ప్రకృతి" అన్న మాటలో మూడూ లఘువులే. మావాడు వీటిని వ్రాసిన తీరులో ఒక విశేషమున్నది. వ్యాకరణంలో మనం ఉత్సర్గం ముందు చెప్పి అపవాదం తరువాత చెప్తాము. ఈ భాషలు రెండూ పైనుండి క్రిందికి చూచుకొంటూ, ముందు కుదిరినదానినే పట్టుకొని ఆగిపోతవి. అందుచేత అపవాదాలన్నీ పైకి ఎక్కి, ఉత్సర్గం అట్టడుగున కూర్చున్నది. అరసున్న పంక్తి అన్నిటికంటె పైన ఉన్నది. దాని ప్రక్కన అతని వ్యాఖ్య: "అరసున్నకు బరువు లేదు. సార్ మూడుసార్లు చెప్పిండు."

వ్యాఖ్యలన్నీ రోమను అక్షరాలతో, ఆర్‌టీఎస్ పద్ధతిలో ఉన్నవి. మనమంతా ఒకప్పుడు అట్లా వ్రాసినవాళ్ళమే. పద్యం కూడ అదే పద్ధతిలో ఇవ్వవలసి ఉండేది. దానికొక సాంకేతిక కారణమున్నది. ఓకామెల్ అక్షరమాలిక అంటే బైట్ల వరుస. తెలుగు లిపిలోని ఒక్కొక్క యూనికోడు సంకేతానికి యూటీఎఫ్-8లో మూడు బైట్లు పడుతవి. "స్త్రీ" అన్నది మనకు ఒకే అక్షరం, యూనికోడుకు ఆరు సంకేతాలు, ఓకామెల్‌కు పద్దెనిమిది బైట్లు. ఆ గొడవ ఎందుకని మావాడు రోమను లిపితో సరిపెట్టుకొన్నాడు. హాస్కెల్‌లో మాలికంటే సంకేతాల జాబితా. పద్దెనిమిది ఆరుకు దిగినది, ఆరును ఒకటి చేయుట మన పని. పొల్లు గుర్తు వస్తే తరువాతి హల్లును కలుపుకో, గుణింతపు గుర్తు వస్తే అక్షరం ముగించు. ఇప్పుడు పద్యాన్ని తిన్నగా తెలుగులోనే అతికించవచ్చును. అనువాదంలో మూలం కంటె మెరుగుపడిన చోటు ఇది.

సంస్కృతానికి ఇట్లాంటి పని పెద్దయెత్తున జరిగిన సంగతి మిత్రులలో కొందరికి తెలిసే ఉంటుంది. ఫ్రాన్సు పరిశోధకుడు జెరార్ హ్యూయే, కామెల్ పుట్టిన బృందానికి పెద్ద, సంస్కృత సంధులను విడదీసే యంత్రాన్ని ఓకామెల్‌లోనే నిర్మించినాడు. దానికి ఆధారమైన పరికరాల పెట్టెకు జెన్ అని పేరు పెట్టినాడు. స్వీడన్‌లో మార్కస్ ఫోర్స్‌బర్గ్, ఆర్నె రాంటా అనే ఇద్దరు ఆ జెన్ నుండి స్ఫూర్తి పొంది, పదరూపాల నిర్మాణాన్ని హాస్కెల్‌లో చేసి 2004లో ప్రకటించినారు. వారు జెన్‌ను పంక్తికి పంక్తిగా మార్చలేదు. ఆలోచన తీసుకొని, హాస్కెల్‌కు సహజమైన రీతిలో, ప్రతి విభక్తినీ వచనాన్నీ ఒక రకంగా నిర్వచించి, కొత్తగా కట్టుకొన్నారు. అదే దారిలో తరువాత ఉర్దూకు కూడ పదరూప వ్యాకరణం వచ్చినది. సంస్కృతం కొరకు ఓకామెల్‌లో కట్టిన పెట్టె, హాస్కెల్‌లో ఉర్దూకు దారి చూపినదన్నమాట. మన హైదరాబాదు విశ్వవిద్యాలయపు సంస్కృత విభాగంలో అంబా కులకర్ణిగారు హ్యూయేతో కలిసి ఈ రంగంలో పని చేసినవారు. సంస్కృత గణన భాషాశాస్త్ర మూడవ సదస్సు 2009 జనవరిలో హైదరాబాదులోనే జరిగినది. ఆ సదస్సు వ్యాసాల సంపుటిని వీరిద్దరే కూర్చినారు. మా శిష్యునికి ఓకామెల్ మీద మోజు పుట్టినది ఈ వార్తలు చదివిన తరువాతనే. "సంస్కృతానికి చేసిండ్రు సార్, మనకెందుకు చేయరాదు?" అనేవాడు.

ఇంకొక వ్యాఖ్య దగ్గర మా అమ్మాయికీ నాకూ మొదటి తగవు వచ్చినది. పద్యంలోనుండి ఒక్కొక్క అక్షరాన్ని తోడి ఇచ్చే ప్రమేయమొకటున్నది. రెండుసార్లు పిలిస్తే రెండక్షరాలు. ఆ రెండు పిలుపులనూ ఒక జంటలో ప్రక్కప్రక్కన వ్రాస్తే, ఎడమది ముందు జరుగుతుందని మనమనుకొంటాము. ఓకామెల్ అట్లాంటి హామీ ఏదీ ఇవ్వదు. వాడుకలో అది కుడివైపుది ముందు చేస్తుంది. అక్షరాలు తారుమారైతవి. మావాడు దానిని కనిపెట్టి రెండింటినీ విడివిడి పంక్తులుగా వ్రాసి, ప్రక్కన ఇట్లా హెచ్చరిక పెట్టినాడు: "ఇది ఉర్దూ లెక్క, కుడి నుంచి ఎడమకు వస్తది. పైలం."

చదివి నేను చాలాసేపు నవ్వుకొన్నాను. మా అమ్మాయి నవ్వలేదు. హాస్కెల్‌లో ఈ ఇబ్బందే లేదట. అక్కడ ప్రమేయం లోలోపల దేనినీ తోడి పారబోయరాదు. ఒక అక్షరం తీసుకొంటే, మిగిలినవి ఏమున్నవో కూడ చేతికివ్వవలెను. ముందువెనుకలు దానంతట అవే తేలుతవి. అటువంటప్పుడు ఆ హెచ్చరిక అక్కడ అబద్ధమైతుందని, చదివినవాణ్ణి తప్పుదారి పట్టిస్తుందని ఆమె వాదం. ఉండనీయమని నేను. చివరికి పాత వ్యాఖ్యలన్నిటినీ వాటి వాటి పంక్తులతో సహా ఒక ప్రత్యేకమైన ఫైలులో ఉంచి, కొత్త భాషలో కూడ నిజమైనవాటినే ప్రోగ్రాములో నిలిపినాము. ఆమె పక్షం న్యాయమైనదే. అరసున్న వ్యాఖ్య నిలిచినది, ఉర్దూ లెక్క ఫైలులోకి పోయినది.

రెండు భాషలకూ పెద్ద భేదం వేరొకటున్నది. తెలుగు ఛందస్సులో కొన్ని అక్షరాలు సందర్భాన్ని బట్టి గురువో లఘువో అయితవి. రేఫవత్తును ఊదక తేల్చి పలికితే దాని ముందక్షరం లఘువుగానే ఉంటుంది. తెలుగు మాట తరువాత సంయుక్తంతో మొదలయ్యే వేరొక మాట వస్తే, ముందక్షరం గురువు కావలసిన పని లేదు. సమాసంలోనైతే కావలె. యంత్రానికి ఏది సమాసమో తెలియదు గనుక రెండు విధాలా ప్రయత్నించవలెను. పాదంలో అట్లాంటివి మూడుంటే ఎనిమిది తూకాలు, పదుంటే వెయ్యిన్ని ఇరువదినాలుగు. ఇందులో ఒక చిత్రమున్నది. ఇంద్రగణాలు ఆరింటిలో ఏదీ మరొకదానికి మొదటి భాగం కాదు, సూర్యగణాలు రెండూ అంతే, కందపు గణాలు అయిదూ అంతే. అందుచేత అక్షరాల బరువు తేలితే గణవిభజనలో సందేహానికి తావు లేదు, ఒకటే దారి. మన పూర్వులు ఆ లెక్క చూచుకొని చేసినారో, చెవి చెప్పినట్లు చేసినారో గాని, సందేహమంతా బరువు దగ్గరనే.

ఓకామెల్ స్వభావం, అడిగినదంతా అప్పుడే చేసి పెట్టుట. వెయ్యి తూకాలని వ్రాస్తే వెయ్యీ చేసి గంపకెత్తి ఇస్తుంది. అందుచేత మావాడు జాగ్రత్తపడి, ఒక్కొక్క తూకాన్ని ప్రయత్నించుట, కుదరకపోతే కేక వేసి వెనుకకు దూకుట, మరొకటి ప్రయత్నించుట అనే పద్ధతిలో ఒకటిన్నర పుట వ్రాసినాడు. ఆ కేకకు "తప్పు" అని పేరు పెట్టినాడు. హాస్కెల్ బద్ధకపు భాష. ఇది తిట్టు కాదు, వారే పెట్టుకొన్న పేరు. ఎవరైనా అడిగినదాకా ఏదీ చేయదు. మా వైపు ఇండ్లలో జొన్నరొట్టెలు చేసినట్లు: పీట మీద కూర్చున్నవాడు ఒకటి తిని ఇంకొకటి అన్నప్పుడే ఇంకొకటి తడుతారు. అందుచేత మా అమ్మాయి వెయ్యి తూకాల జాబితా అని నిర్భయంగా వ్రాసి, అందులో కుదిరిన మొదటిది ఇమ్మన్నది. నాలుగు పంక్తులు. వెనుకకు దూకేదీ లేదు, కేకా లేదు. కుదరకపోతే ఖాళీ జాబితా వస్తుంది, అంతే.

పని బాగున్నది. కాని చదువరిగా నా మాట చెప్పవలెనంటే, మావాడి ఒకటిన్నర పుటలో దారి కనిపించేది. ఇక్కడ ఎక్కాము, ఇక్కడ కాలు జారినది, ఇక్కడినుండి మళ్ళినాము అని వ్రేలు పెట్టి చూపవచ్చును. నాలుగు పంక్తులలో ఫలితం కనిపిస్తుంది, నడక కనిపించదు. మా అమ్మాయి దీనిని ఒప్పుకోదు.

అసలు తగవు సందేశాల దగ్గర. పాత ప్రోగ్రాము పద్యం తూచుతూ తూచుతూ, దోషం కనబడగానే నడుమనే మాట్లాడేది. "సార్, ఈడ యతి కుదుర్లే. మీరొకసారి చూడుండ్రి." "సార్, మూడో పాదంల ఒక అక్షరం తక్కువ వడ్డది." పదేండ్లకు పైగా ఆ మాటలు ఆ తెర మీద చదివినాను. 2021 తరువాత కూడ చదివినాను. హాస్కెల్‌లో లెక్క చేసే ప్రమేయం నడుమ నోరు విప్పరాదు. మాట్లాడే ప్రమేయమైతే మాట్లాడుతానని తన రకంలోనే ముందుగా ప్రకటించుకొనవలెను. మడిలో ఉన్నవారి లెక్క. అందుచేత మా అమ్మాయి దోషాలను రకాలుగా విభజించి, యతిభంగం, ప్రాసభంగం, గణభంగం అని పేర్లు పెట్టి, లెక్క పూర్తయిన తరువాత "యతిభంగం: పాదం 3" అని చూపించేటట్లు చేసినది. శుభ్రంగా ఉన్నది, శాస్త్రీయంగా ఉన్నది. నేను చూచి ఏమీ అనలేదు. లేచి బయట అరుగు మీద కూర్చున్నాను.

కొంతసేపటికి ఆమె వచ్చి, "అన్న మాటలు కావాలె గద నాయినా" అన్నది. చిన్నప్పుడు ఆమెకు సైకిలు నేర్పినవాడు అతడే.

దోషాల రకాలు అట్లే ఉన్నవి. వాటిని మాటలుగా మార్చే ప్రమేయం ఒకటి విడిగా వచ్చినది, దాని పేరు "చెప్పు". అందులో అతని వాక్యాలన్నీ, ఒక్క అక్షరం దిద్దకుండ, రోమను నుండి తెలుగు లిపికి వచ్చి కూర్చున్నవి. ఇప్పుడు లెక్క మౌనంగా జరుగుతుంది, చివర అతడు మాట్లాడుతాడు. రేపు మరొకరు వాడుకొంటే, వారికి వేరొక "చెప్పు" వ్రాసుకొనవచ్చునని, మాటలూ లెక్కా విడివడినందువలననే ఆ సౌకర్యం వచ్చినదని ఆమె అన్నది.

పరీక్షకు గోలకొండ కవుల సంచిక తీసినాము. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులను కూర్చి ప్రకటించిన గ్రంథం. మా ప్రాంతపు ప్రోగ్రాముకు అంతకంటె తగిన పరీక్ష ఏమున్నది? అందులోని పద్యాలు చాలావరకు మావాడు అప్పట్లోనే ఎక్కించి, తన ప్రోగ్రాము ఇచ్చిన ఫలితాలతో సహా దాచి ఉంచినాడు. కొత్త ప్రోగ్రాము ఫలితాలను వాటి ప్రక్కన పెట్టి పోల్చినాము. కొద్దిచోట్ల తప్ప తేడా రాలేదు. ఆ కొద్దిచోట్లా దొంగ ఒకడే: కంటికి కనబడని యూనికోడు సంకేతం. పొల్లు తరువాతి హల్లు వత్తుగా మారకుండ విడదీసేందుకు నడుమ పెట్టేది. రోమను లిపిలో దానికి చోటు లేదు గనుక మావాడి మూలంలో దాని ఊసే లేదు. దానిని జల్లెడ పట్టే పంక్తి ఒకటి చేర్చితే తేడాలు పోయినవి.

అంతా అయిన తరువాత హాస్కెల్ ఒక హెచ్చరిక ఇచ్చినది. ఒక ప్రమేయం నిర్వచించినారు గాని దానిని ఎవరూ పిలువలేదని. మూలంలో కూడ దానిని ఎవరూ పిలువలేదు. వాడని సరుకు తీసివేద్దామని మా అమ్మాయి చేయి పెట్టబోతే, ఆగుమని చదివించుకొన్నాను. సంధి జరిగిన చోట పరపదపు అచ్చుతో నిమిత్తం లేకుండ, పైన నిలిచిన హల్లుకే యతి కుదిరితే చాలుననే నియమమది. అఖండయతి. దాని మీద లాక్షణికులలో ఏకాభిప్రాయం లేదు. కవులు వాడినారు, వాడుతున్నారు. నేను ఒప్పుకోను, తరగతిలోనూ ఒప్పుకోలేదు. పదం విరిగే చోట అచ్చు ఉన్నప్పుడు దానిని కాదని హల్లును పట్టుకొనుట చెవికి న్యాయంగా తోచదు. ఈ విషయం మీద మావాడూ నేనూ ఒక సంక్రాంతి మధ్యాహ్నమంతా వాదించుకొన్నాము. అంతటితో వదిలినాడనుకొన్నాను. ప్రమేయం పైన ఇట్లా ఉన్నది: "అఖండయతి. సార్ ఒప్పుకోడు. అయినా రాసి పెట్టిన, ఎప్పుడన్న పనికొస్తది."

పనికి వచ్చే ఏర్పాటు ఇప్పుడు మా అమ్మాయి చేసినది. ప్రోగ్రాము తెరువగానే మూలకు ఒక గడి ఉంటుంది. అందులో టిక్కు పెడితే అఖండయతి చెల్లుతుంది, లేకపోతే చెల్లదు. టిక్కు లేకుండనే తెరుచుకొనేటట్లు చేయుమన్నాను, చేసినది. అఖండయతి పక్షపాతులైన మిత్రులు గడిలో టిక్కు పెట్టుకొనవచ్చును, నాకు చెప్పనక్కరలేదు. ప్రోగ్రాము కావలసినవారు వ్యాఖ్యలో ఒక మాట వ్రాస్తే అమ్మాయి చేత పంపిస్తాను. సీసభేదాలు ఇంకా చేర్చవలసి ఉన్నది, దీపావళికి ఆమె వచ్చినప్పుడు.